నెలలు నిండని బిడ్డ – సూదిపోటు నొప్పి

అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. అడుగుటకు వలసిన బలమే లేని బిడ్డ గతి యేమి? 37 వారముల గర్భవాసము పూర్తికాక ముందే పుట్టిన శిశువు గట్టిగా ఏడ్వలేదు. కాలుసేతులు బలముగా విదల్చలేదు. సూది గ్రుచ్చినను అది మిన్నకుండుట చూచి, దానికి నొప్పి తెలియదని వైద్యులు చాలకాలము తలచిరి. ఆ తలంపు ఎట్లు తొలగెనో, దాని ఫలముగా టీకా వేయు పద్ధతి ఎట్లు మారెనో తెలిసికొనదగిన చరిత్ర.

1941లో అమెరికాలో మర్టిల్ మెక్‌గ్రా అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, గుండుసూదితో పొడిచినప్పుడు శిశువులు చూపు చేష్టలను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించెను. పుట్టిన తొలి దినములలో కొందరు శిశువులు సూదిపోటునకు చలింపకుండుట ఆమె గమనించెను. మెదడు పైపొర పక్వము కానందున నొప్పి దానివరకు చేరదని పలువురు ఊహించిరి. నరములపై మైలిన్ అను క్రొవ్వు తొడుగు పూర్తిగా ఏర్పడలేదనునది మరియొక హేతువు. నిజమునకు ఆ తొడుగు లేని సన్నని నరములు పెద్దవారిలోను నొప్పి వార్తను మోయుచునే యున్నవి. తొడుగు లేకున్న వార్త నెమ్మదిగా పోవును గాని ఆగిపోదు. శిశుదేహమున అది పోవలసిన దూరమును స్వల్పమే.

వైద్యులకు మరియొక భయము కూడ ఉండెను. బరువు తక్కువ బిడ్డ మత్తుమందులను తట్టుకొనలేదని వారు జంకిరి. అందుచేత కండరములను కదలనీయని మందు ఇచ్చి, నొప్పి తెలియకుండ చేయు మందు ఈయకయే శస్త్రచికిత్సలు జరుపుట అనేక ఆసుపత్రులలో వాడుకగా నుండెను. దీనివలన కదలిక ఆగును గాని నొప్పి ఆగదు. 1985లో అమెరికాలో ఇట్లు గుండె శస్త్రచికిత్స జరిగిన ఒక శిశువు కొన్ని వారములకు మరణించెను. జరిగినది పిమ్మట తెలిసికొనిన తల్లి ఆ సంగతిని లోకమునకు వెల్లడించెను.

ఆ కాలముననే కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ అను భారతీయ వైద్యుడు, ఇండోరులో చదువు ముగించి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేయుచుండెను. బిడ్డ ముఖము చూచి తగవు తీర్చుటకు బదులు ఆయన రక్తమును పరీక్షించెను. ఫెంటానిల్ అను నొప్పి మందు ఇచ్చిన బిడ్డలను, ఈయని బిడ్డలను పోల్చి చూడగా, మందు లేనివారి రక్తమున బాధ వేళ పుట్టు హార్మోనులు మిక్కిలిగా పెరిగెను. శస్త్రచికిత్స పిదప చిక్కులును వారికే హెచ్చుగా కలిగెను. 1987లో ఈ ఫలితములను ‘లాన్సెట్’ పత్రిక ప్రకటించెను. నోరు చెప్పలేనిదానిని రక్తము చెప్పినది. ఆ యేడే అమెరికా శిశువైద్య అకాడమీ నవజాత శిశువుల శస్త్రచికిత్సకును మత్తు అవసరమని ప్రకటించెను.

శస్త్రచికిత్సకు మత్తుమందు సరే, క్షణములో ముగియు టీకాకు ఏమి చేయవలెను? అంత బలమైన మందు దానికి తగదు. టీకాను వాయిదా వేయుటయు తగదు. ఇట్టి బిడ్డలకు అంటువ్యాధుల భయము హెచ్చు. కనుక ఆరోగ్యము నిలకడగా నున్నచో, పుట్టిన తేదీ నుండి లెక్కించియే టీకాలు వేయుదురు. భారతదేశపు జాతీయ కార్యక్రమమున 6, 10, 14 వారములందు సూది టీకాలు కలవు. 32 వారములకే పుట్టిన బిడ్డ, 6 వారముల టీకా వేళకు నిజముగా తల్లికడుపులోనే ఉండవలసినది!

దీనికి మార్గము వేరొక అవసరమునుండి దొరకినది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, ఇంక్యుబేటరులు చాలక, ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు బరువు తక్కువ బిడ్డలను తల్లుల రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచజొచ్చెను. దీనికే ‘కంగారూ సంరక్షణ’ యని పేరు. వెచ్చదనమునకై పుట్టిన ఈ ఉపాయము నొప్పిని కూడ తగ్గించునని తరువాత తేలెను. 2003లో కెనడాకు చెందిన సెలెస్ట్ జాన్‌స్టన్, ఆమె సహచరులు, 32 నుండి 36 వారములకు పుట్టిన బిడ్డలను మడమనుండి రక్తము తీయుటకు 30 నిమిషముల ముందే తల్లి రొమ్ముపై నుంచిరి. నొప్పిని కొలుచుటకు వారు 1996లో ఏర్పడిన కొలబద్దను వాడిరి. కనుబొమలు ముడుచుట, కన్నులు గట్టిగా మూయుట, గుండె వేగము, రక్తమున ప్రాణవాయువు మొదలగువానిని, గర్భవాసపు వారములను గూడ అది లెక్కలోనికి తీసికొనును. తల్లి రొమ్ముపై నున్నప్పుడు నొప్పి అంకె తగ్గెను.

తీపికిని ఇట్టి శక్తి కలదని 1991లో ఎలియట్ బ్లాస్ చూపెను. నాలుకపై వేసిన కొద్ది చుక్కల చక్కెర ద్రావణముతో ఏడుపు తగ్గెను. అయితే 2010లో రెబెకా స్లేటర్ బృందము నెలలు నిండిన శిశువుల మెదడులోని విద్యుత్ సంకేతములను కొలిచిరి. చక్కెర ఇచ్చినను, ఈయకున్నను, నొప్పి సంకేతము ఇంచుమించు ఒకటిగానే యుండెను. ఏడుపు ఆగినంత మాత్రమున నొప్పి ఆగినదా యను పాత ప్రశ్న మరల లేచినది. కావున చక్కెర ద్రావణము ఇంటివైద్యము కాదు. వైద్యుని చేత, అవసరమునుబట్టి వాడవలసినది.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా నొప్పిని గురించి సూచనలు వెలువరించెను. బిడ్డను బల్లపై పరుండబెట్టక తల్లి ఎత్తుకొనవలెను. వీలయినచో టీకాకు ముందుగాని, వేయునప్పుడుగాని చనుబాలు ఈయవలెను. సూది గ్రుచ్చిన పిదప పిచికారీని వెనుకకు లాగరాదు. పెక్కు టీకాలున్నచో ఎక్కువ నొప్పి కలిగించుదానిని చివర వేయవలెను. నెలలు నిండని బిడ్డ చనుబాలు చప్పరింపలేకున్నను తల్లి రొమ్ముపై నుండగలదు. దీనికి ఖర్చు లేదు. పెద్ద ఆసుపత్రి అక్కరలేదు. సూది పట్టినవారు కొన్ని నిమిషములు ఓపిక పట్టవలెను. ఏడ్వని బిడ్డకును నొప్పి కలదని గుర్తుంచుకొనవలెను.