క్రిమినాశక పరీక్షలు: ప్రమాణమునకు మూలమెక్కడ?

క్రిమినాశక ద్రవముల పరీక్షాచరిత్రను వ్రాయువారు సాధారణముగా 1903వ సంవత్సరముతో ప్రారంభింతురు. ఆ యేట శామ్యూల్ రిడియల్, ఐన్‌స్లీ వాకర్ అను ఇరువురు ఇంగ్లండులో ఫినాల్ గుణకమను సంఖ్యను నెలకొల్పిరనియు, తత్పూర్వమున్నదెల్ల క్రమములేని అన్వేషణమే యనియు వారి మతము. సంఖ్య పుట్టిన నాడే ప్రమాణము పుట్టినదని తలంచుటవలన ఏర్పడిన కథయిది. నా యెఱిగినంతలో ఈ విద్యకు పునాది పడినది అంతకు 14 ఏండ్లకు పూర్వము, ఒక మహావిజ్ఞాని నిర్ణయమును మఱొకడు శంకించినప్పుడు.

1867లో లిస్టర్ శస్త్రచికిత్సయందు కార్బాలిక్ ఆమ్లమును ప్రచారమునకు దెచ్చుట సర్వవిదితమే గనుక దానిని విస్తరింప బనిలేదు. 1881లో రాబర్ట్ కాక్, పశువులకు దొమ్మరోగము కలిగించు ఆంత్రాక్స్ క్రిమియొక్క సిద్ధబీజములను పట్టుదారములపై నెండించి, ఆ దారములను వివిధ ద్రవములలో ముంచి, పిదప పోషకద్రవ్యముపై నుంచి, అవి మొలకెత్తునో లేదో పరిశీలించెను. అంతవఱకు అజేయమని పేరొందిన కార్బాలిక్ ఆమ్లము సిద్ధబీజముల యెడ మిక్కిలి దుర్బలమనియు, నూనెలో కలిపినచో నిష్ప్రయోజనమనియు తేలెను. మెర్క్యూరిక్ క్లోరైడను పాదరస లవణము మాత్రము మిగుల పలుచని ద్రావణములోను వానిని శీఘ్రముగా సంహరించునట్లు కనబడెను. ఆసుపత్రులు ఆ మాటను శిరసావహించెను.

1889లో జూలియస్ గెపర్ట్ వేసిన ప్రశ్న యొక్కటే: దారముతోపాటు పోషకద్రవ్యములోనికి వచ్చిన పాదరస లేశము అక్కడ ఏమి చేయుచున్నది? అతడు అమ్మోనియం సల్ఫైడును చేర్చి ఆ శేషమును నిర్వీర్యము గావింపగా, చచ్చినవని లెక్కించిన సిద్ధబీజములు మరల మొలకెత్తెను. పూర్వపరీక్షలు నిద్రించువానిని మృతుడని వ్రాసికొన్నవన్నమాట. ఇచట కాక్‌నకు అన్యాయము చేయరాదు. పెరుగుదలను ఆపుట వేఱు, ప్రాణము తీయుట వేఱు అని అతడే స్పష్టముగా వివేచించియుండెను, పాదరసము అత్యల్పాంశములోను పెరుగుదలను అరికట్టునని చూపినవాడును అతడే. ఐనను ఆ వివేచనను పరీక్షావిధానములోనికి దింపినవాడు గెపర్ట్. 1897లో క్రోనిగ్, పాల్ అను జర్మను విద్వాంసులు దారములను విడిచి గార్నెట్ రాళ్లపై సిద్ధబీజములను ఎండించి, మందు తాకిన పిదప దానిని తటస్థపఱచి, మిగిలిన ప్రాణుల సంఖ్యను కాలక్రమమున లెక్కించిరి. గణనము, నియతమైన సాంద్రత, ఉష్ణోగ్రత, తటస్థీకరణము అను నేటి ప్రమాణాంగములన్నియు అప్పటికే సిద్ధములై యుండెను.

రిడియల్, వాకర్లు వీనిలో కొన్నిటినే గ్రహించిరి. టైఫాయిడ్ క్రిమిని ద్రవముతో కలిపి, రెండున్నర నిమిషముల కొకమాఱు పోషకద్రవములోనికి మార్చి, అదే కాలములో చంపు ఫినాల్ పలుచదనముతో పోల్చి గుణకమును నిర్ణయించిరి. శేషమును తటస్థపఱచు ప్రత్యేకాంశము అందు లేదు. ఫినాల్ విషయమున ఇది పెద్ద లోపము కాదని ఒప్పుకొనవలసినదే: హారియెట్ చిక్, హెర్బర్ట్ వాట్సన్‌ల 1908 నాటి పరిశోధనలవలన తేలినట్లు ఫినాల్ సాంద్రతాఘాతము సుమారు 6 గనుక, దానిని సగమునకు పలుచన చేసినచో చంపుటకు పట్టు కాలము సుమారు 64 రెట్లగును, పోషకద్రవములో అది తానే నిర్వీర్యమగును. పాదరసముయొక్క ఘాతము సుమారు 1 మాత్రమే. స్వభావమున ఇంత భేదించు ద్రవ్యములను ఒకే సంఖ్యతో కొలుచుట ఎట్లు సమంజసము? చిక్, మార్టిన్‌లు అదే యేట మలినద్రవ్యమును పరీక్షలో చేర్చి వాస్తవ పరిస్థితికి చేరువగా తెచ్చినను, వర్తకులకు రుచించినది శుభ్రమైన నీటిలో వచ్చు పెద్ద గుణకమే.

ఆ ఉపేక్షా ఫలము క్వాటర్నరీ అమ్మోనియం లవణములు వచ్చినప్పుడు అనుభవమునకు వచ్చెను. అవి శేషమాత్రముగా నున్నను పెరుగుదలను అడ్డుచుండుటచే లేని శక్తి వానికి ఆరోపింపబడెను. 1946లో లెసితిన్, ట్వీన్ 80 కలిపిన తటస్థీకరణ మాధ్యమమును రూపొందింపవలసి వచ్చెను. గెపర్ట్ 57 ఏండ్ల క్రిందట చెప్పిన మాటయే ఇది.

నేటి ఐరోపా ప్రమాణమగు ఇ.ఎన్. 1276 క్రిములు 1,00,000 రెట్లు తగ్గవలెననుటతో ఆగక, వాడిన తటస్థీకారి నిజముగా పనిచేయుచున్నదనియు, అది క్రిములకు హాని చేయుటలేదనియు వేఱుగా నిరూపింపుమనుచున్నది. ఇది నిజమైన అభివృద్ధి. అయినను ద్రవములో తేలు క్రిములను చంపుట ఆసుపత్రి నేలపై ఎండిన క్రిములను చంపుటకు సాక్ష్యము కాజాలదు. మన దేశమున ఫినాయిల్ శ్రేణులను నేటికిని రిడియల్-వాకర్ గుణకముతో నిర్ణయించుట నాకు సమ్మతము కాదు. ఒక తయారీని మఱొక తయారీతో సరిచూచుకొనుటకు అది చాలునుగాని, రోగి గదికి అది హామీ కాదు. ప్రయోగశాల నివేదికలను స్వీకరించు ఆసుపత్రి అధికారులు గుణకము నడుగుటకు ముందు, ఏ తటస్థీకారిని వాడిరి, దానిని ఎట్లు పరీక్షించిరి, మలినద్రవ్యము నెంత చేర్చిరి అను మూడు విషయములను వ్రాతపూర్వకముగా కోరవలెను. అవి లేని నివేదికను త్రిప్పి పంపవలెను.