గెన్ నడిచిన దారి

ఒక రచన ఏ పత్రికల గుండా నడిచిందో చూడటం కూడా విమర్శలో భాగమే. కెయిజీ నకజావా బొమ్మల కథ ‘హదాషి నో గెన్’ నా చేత ఈ మాట అనిపించింది. హదాషి అంటే ఉత్తకాళ్లు.

హిరోషిమాపై బాంబు పడ్డనాడు నకజావాకు ఆరేళ్లు. తండ్రి, అక్క, తమ్ముడు ఇంటికింద చిక్కుకొని మరణించారు. 1966లో తల్లి పోయింది. దహనం తర్వాత బూడిదలో ఎముకలైనా మిగలలేదని ఆయన చెప్పుకున్నాడు. ఆ కోపమే ఆయన చేత బాంబు కథలు గీయించింది.

1973లో ‘షోనెన్ జంప్’ అనే వ్యాపార వారపత్రికలో గెన్ మొదలై, మరుసటి ఏడే ఆగింది. మొదట చోటిచ్చింది అదేనన్న సంగతి మనం దాచనక్కరలేదు. తరువాత ‘షిమిన్’, 1977 నుంచి కమ్యూనిస్టు పార్టీ వారి ‘బుంకా హ్యోరోన్’, 1982 నుంచి ఉపాధ్యాయ సంఘం వారి ‘క్యోయికు హ్యోరోన్’ దానిని నిలబెట్టాయి. జపాను సైన్యం ఆసియాలో సాగించిన ఘాతుకాల బొమ్మలు చివరి భాగాలలోనివి. వారపత్రిక వాటిని భరించేదా అని నా అనుమానం.

ఆ బొమ్మల పేరు చెప్పే 2012 డిసెంబరులో మత్సుయే నగర విద్యాధికారులు బడి గ్రంథాలయాలలో గెన్‌ను పిల్లలకు అందకుండా లోపల పెట్టించారు. నకజావా మరణించింది ఆ నెలలోనే. నిరసనలు చెలరేగి 2013 ఆగస్టులో ఆ ఆంక్ష ఎత్తివేశారు. 2023లో శాంతి పాఠాలనుంచి గెన్‌ను తొలగించింది మాత్రం హిరోషిమా నగరమే.