కొమ్మ, మొగ్గ, ఆకులపై సూక్ష్మ శిలీంధ్రాల గుర్తింపు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం పంటల నేపథ్యం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో టమాటా, మామిడి, మల్బరీ ముఖ్యమైన పంటలు. మదనపల్లె పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం తెల్లవారుజామున ఆకులపై మంచు నిలుస్తుంది. చాలా శిలీంధ్రాల సిద్ధబీజాలు మొలకెత్తడానికి ఆ తడి చాలు. బూడిద తెగులు కారకాలకు మాత్రం నీటిబొట్టు అవసరం లేదు, గాలిలో తేమ ఉంటే సరిపోతుంది.

కంటికి కనిపించేది తెల్లపొడి, నల్లమసి, గోధుమరంగు మచ్చ మాత్రమే. పొరపాటు ఎక్కువగా జరిగేది మసి దగ్గర. మామిడి ఆకుపై పరచుకునే మసి శిలీంధ్రం ఆకులోకి చొచ్చుకుపోదు. తేనెమంచు పురుగులు విసర్జించే తీపి జిగురును తిని బతుకుతుంది. తడిబట్టతో తుడిస్తే కింద ఆకు పచ్చగానే కనిపిస్తుంది. పురుగును వదిలేసి శిలీంధ్రనాశిని చల్లితే రైతు ఖర్చు వృథా అవుతుంది. గుర్తింపు ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

బూడిద తెగులులో కనిపించే తెల్లపొడి అంతా ఒకటే కాదు. మామిడిలో అది పూగుత్తిని, మొగ్గలను కప్పేసి పిందె నిలవనివ్వదు. మల్బరీలో ఫిలాక్టీనియా అనే శిలీంధ్రం ఆకు అడుగుభాగాన పరచుకుంటుంది. దాని సిద్ధబీజాలు గద ఆకారంలో ఉంటాయి, ఒక్కో కాడపై ఒక్కొక్కటిగా పుడతాయి. ముదిరిన ఆకుపై కనిపించే నల్లని ఫలనాంగాల చుట్టూ, మొదలు దగ్గర ఉబ్బిన సూదుల వంటి ఉపాంగాలు ఉంటాయి. ఈ ఆకు పట్టుపురుగుకు మేత కాబట్టి మందు ఎంపికలో జాగ్రత్త తప్పనిసరి.

టమాటా ఆకుపై వలయాలు వలయాలుగా మచ్చ ఉంటే ఆల్టర్నేరియా అనే శిలీంధ్రాన్ని అనుమానించాలి. అడ్డంగా, నిలువుగా గోడలున్న సిద్ధబీజం, దానికి పొడవైన ముక్కు కనిపిస్తే ప్రజాతి నిర్ధారణ అవుతుంది. నిమ్మకాయ ఆకారపు బీజకోశాలు కనిపిస్తే అది ఫైటోఫ్తోరా. దాని కణకవచంలో సెల్యులోజ్ ఉంటుంది, అది నిజమైన శిలీంధ్రం కాదు. ఎండిన మామిడి కొమ్మపై దొరికే లాసియోడిప్లోడియా సిద్ధబీజాలు లేతగా ఉన్నప్పుడు రంగులేనివి. ముదిరితే గోధుమరంగుకు మారి, మధ్యన ఒక అడ్డుగోడ, పొడవునా చారలు ఏర్పడతాయి.

నమూనాను మచ్చ అంచు నుంచి, ఆరోగ్యమైన భాగం కూడా కలిసివచ్చేలా తీయాలి. పూర్తిగా చచ్చిన భాగంలో క్లాడోస్పోరియం వంటి పూతికాహారులు చేరి దారి తప్పిస్తాయి. పాలిథీన్ సంచి కన్నా కాగితపు కవరు మేలు. పారదర్శక టేపును పొడిపై అద్ది, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ చుక్కపై ఉంచి, 400 రెట్ల ఆవర్ధనంలో చూడాలి. సిద్ధబీజాలు లేకపోతే కొమ్మముక్కను తడికాగితంపై మూతపెట్టి కొన్ని రోజులు ఉంచాలి.

ఆకారంతో అన్నీ తేలవు. మామిడి పక్షికన్ను తెగులుకు కారణమని చెప్పే కొలెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్ నిజానికి ఒక జాతుల సముదాయమనీ, అందులో 22 జాతులున్నాయనీ 2012లో డీఎన్ఏ ఆధారంగా తేల్చారు. వాటిలో అనేకం సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనిపిస్తాయి. అక్కడ ప్రజాతి పేరుతో ఆగి, జాతి నిర్ధారణను జన్యువుల పరీక్షకు వదలడమే సరైన పద్ధతి.