బెంచ్‌మార్కులూ, పెళ్ళిచూపులూ

కొత్త ఫోన్ కొనాలనుకోగానే మనవాళ్ళు చేసే మొదటి పని, బెంచ్‌మార్క్ స్కోర్లు పక్కపక్కన పెట్టి చూసుకోవడం. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, అంకెలంటే అంత నమ్మకం! కానీ ఆ అంకెల చరిత్ర కాస్త తవ్వి చూస్తే భలే తమాషాగా ఉంటుంది.

2013 సంగతే తీసుకోండి. ఐఫోన్ 5ఎస్‌లో రెండే కోర్లు, 1.3 గిగాహెర్ట్జ్, 1 జీబీ ర్యామ్. అదే నెలలో వచ్చిన స్నాప్‌డ్రాగన్ గెలాక్సీ నోట్ 3లో నాలుగు కోర్లు, 2.3 గిగాహెర్ట్జ్, 3 జీబీ ర్యామ్. కాగితం మీద అసలు పోటీయే లేదు. అయినా ఒక్కో కోర్ వేగంలో ఐఫోనే గెలిచింది. ఒక్కో క్లాక్ సైకిల్లో ఎంత పని జరుగుతుందో గిగాహెర్ట్జ్ చెప్పదు మరి. పోనీ బ్రౌజర్ టెస్టు పెడదామా అంటే, చిప్‌తో పాటు సఫారీ, క్రోమ్‌ల జావాస్క్రిప్ట్ ఇంజిన్లని కూడా కొలిచినట్టవుతుంది. గెలుపులో హార్డ్‌వేర్ వాటా ఎంత, ఓయస్ వాటా ఎంత అన్నది తేల్చడం కష్టమే.

ఇంతవరకూ న్యాయమైన తికమకే. అసలు కథ వేరే ఉంది. అదే ఏడాది జులైలో ఆనంద్‌టెక్ వాళ్ళు గెలాక్సీ ఎస్4 గుట్టు బయటపెట్టారు. ఎక్సినోస్ మోడల్లో జీపీయూ కొన్ని బెంచ్‌మార్కులకి 532 మెగాహెర్ట్జ్‌తో పరిగెడుతోంది, ఆటలకి 480 దాటట్లేదు! ఫుల్‌స్క్రీన్‌లో వాడే మా ఇతర యాప్‌లకీ ఆ వేగం ఇస్తున్నామని శాంసంగ్ సంజాయిషీ ఇచ్చింది. అక్టోబరులో ఆర్స్ టెక్నికా వాళ్ళు గీక్‌బెంచ్ పేరు మార్చి నోట్ 3లో నడిపారు. పేరు గుర్తుపట్టినప్పుడు వచ్చే స్కోరు, గుర్తుపట్టనప్పటి కంటే 20 శాతం దాకా ఎక్కువ. యాపిల్, మోటొరోలా తప్ప తాము పరీక్షించిన కంపెనీలన్నీ ఏదో ఒక ఫోన్‌లో ఇలాంటి పని చేసినవేనని ఆనంద్‌టెక్ తేల్చింది.

ఎస్4 కేసు అమెరికా కోర్టుకెక్కి, చివరికి 2019లో 1.34 కోట్ల డాలర్ల దగ్గర రాజీ అయింది. అయినా బుద్ధి మారిందా? 2022లో ఇంకో వేషం. శాంసంగ్ వారి గేమ్ ఆప్టిమైజింగ్ సర్వీస్ ఆటల వేగం తగ్గించి, బెంచ్‌మార్కుల జోలికి మాత్రం పోలేదు. దాంతో గీక్‌బెంచ్ వాళ్ళు ఎస్10 నుంచి ఎస్22 దాకా ప్రధాన గెలాక్సీ ఎస్ మోడళ్ళని జాబితాలోంచి పీకేశారు.

ఇన్‌పుట్ టెస్ట్ కేసా కాదా అని చూసి జవాబు హార్డ్‌కోడ్ చేసే కోడ్‌ని మనం రివ్యూలో పాస్ చేస్తామా? నెల జీతం పోసి కొనే ఫోన్ దగ్గర మాత్రం ఎందుకు ఊరుకోవాలి? నన్నడిగితే పెళ్ళిచూపుల నాటి ముస్తాబు చూసి మోసపోవద్దు. మీరు రోజూ వాడే యాప్‌నే అరగంట ఆపకుండా నడిపి, ఫోన్ వేడెక్కాక ఎలా ఉందో చూడండి. ఏమంటారు?