పాలెం నుంచి చిన్నటేకూరు దాకా

ఫైర్ స్టేషన్ అనగానే మనకి సిటీయే గుర్తొస్తుంది. ఎత్తైన బిల్డింగు, నిచ్చెన, కింద సెల్‌ఫోన్లు ఎత్తిపట్టిన జనం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఆ బొమ్మ పనికిరాదు. అక్కడ ఎండాకాలం వస్తే గడ్డివాములు, పత్తి. ఏడాది పొడుగునా హైవే. ఈ మూడూ జిల్లాలైంది 2016 అక్టోబరు 11న, అంతకు ముందు అంతా పాలమూరే. ఇక్కడి మంటల చరిత్ర మాత్రం హైదరాబాద్–బెంగళూరు రోడ్డు మీదే ఎక్కువ ఉంది.

మనలో చాలామంది ఆ రోడ్డు మీద నిద్రపోయినవాళ్లమే. కర్టెన్ లాక్కుంటాం, కళ్లు తెరిస్తే ఊరు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, బెంగళూరు నుంచి వస్తున్న వోల్వో బస్సు కొత్తకోట మండలం పాలెం దగ్గర కల్వర్టును ఢీకొట్టింది. డీజిల్ ట్యాంకు అంటుకుంది. 45 మంది చనిపోయారు. బయటపడ్డవాళ్లు పదిమంది కూడా లేరు.

ఫైరింజన్ ఆలస్యమైందనడం తేలిక. కానీ బస్సు లోపల ఏముందో చూడండి: ఫోమ్ సీట్లు, కర్టెన్లు, ప్లాస్టిక్. నిమిషాల్లో అయిపోతుంది. హైవే మీద ఫోన్ చేసినవాడికి తానున్న ఊరి పేరే తెలియదు. నాలుగున్నర వేల లీటర్ల నీళ్లతో బండి కదిలి, దారి వెతుక్కుని వచ్చేసరికి మిగిలేది ఇనుప చట్రం. ఇక సిబ్బంది చేయగలిగింది దాన్ని చల్లార్చి, కోసి, లోపలున్నవాళ్లని ఒక్కొక్కరినీ బయటికి తీయడం. పాలెం మృతుల్ని గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఈ పనికి ఏ సినిమాలోనూ సీను ఉండదు.

దగ్గరున్నా లోపలికి వెళ్లలేని చోటు ఇంకోటి ఉంది. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. ఒక్కోటి 150 మెగావాట్లవి, ఆరు యూనిట్లు, అన్నీ కొండ లోపల. సొరంగం నిండా పొగ. వీపుకి తగిలించుకునే గాలి సిలిండరు ఇంచుమించు అరగంట వస్తుంది, అందులోనే పోవాలి, రావాలి. వెళ్లిన బృందాలు పొగ దెబ్బకి వెనక్కి తిరిగాయి. లోపల చిక్కుకున్న తొమ్మిది మందీ బతకలేదు. వాళ్లలో మంటని ఆపబోయిన ఇంజనీర్లు ఉన్నారు.

మళ్లీ రోడ్డు మీదికి వస్తే, 2024 జనవరిలో సంక్రాంతికి జనం ఊళ్లకి పోతున్న రోజుల్లో, గద్వాల జిల్లా ఎర్రవల్లి చౌరస్తా దగ్గర బస్సు బోల్తాపడి కాలిపోయింది. అందరూ దిగగలిగారు, ఇరుక్కుపోయిన ఒక మహిళ తప్ప. 2025 అక్టోబరు 24న, దీపావళి అయిన నాలుగు రోజులకి, కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర ఇంకో బస్సు. ఈసారి హైదరాబాద్ నుంచి బెంగళూరుకి. 19 మంది ప్రయాణికులు. పాలెం నుంచి అక్కడికి మధ్యలో కృష్ణ, తుంగభద్ర దాటాలి, రోడ్డు మాత్రం అదే. ప్రాణాలతో మిగిలినవాళ్లలో చాలామంది కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకారు. అప్పటికింకా ఫైరింజన్ రాలేదు.