బహదూర్‌పురాలో వృద్ధుల రెఫరల్ వైద్యం

ప్రాథమిక స్థాయి డాక్టరు చీటీ రాసి రోగిని స్పెషలిస్టు దగ్గరికి పంపే పద్ధతిని రెఫరల్ అంటారు. హైదరాబాద్ పాతబస్తీలోని బహదూర్‌పురాలో పెద్దవయసువాళ్లకు ఈ దారి చాలాకాలంగా మూసీ నది అవతలి ఉస్మానియా ఆసుపత్రికే చేరుతోంది.

మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో దారుల్‌షిఫా వైద్యశాల వెలసింది. తర్వాతి శతాబ్దాల్లో హకీముల వైద్యమే ఆధారం. 1866 నాటి అఫ్జల్‌గంజ్ దవాఖానా 1908 సెప్టెంబరు వరదలో పోయింది. దాని స్థానంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కట్టించిన సుందర భవనమే ఉస్మానియా. జబ్బు ఏదైనా జనం నేరుగా అక్కడికే వెళ్లేవారు.

దేశస్థాయిలో మూడంచెల వైద్యాన్ని 1946లో భోర్ కమిటీ, ఆ అంచెలను కలిపే రెఫరల్ ఏర్పాటును 1975లో శ్రీవాస్తవ కమిటీ సూచించాయి.

అసలు కదలిక 2007 తర్వాతే వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న మొదలైన ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీలో ఆరోగ్యమిత్రలనే సహాయకులు రోగికి నెట్‌వర్క్ ఆసుపత్రికి దారి చూపేవారు. 2010-11లో వచ్చిన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ప్రాథమిక కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్‌ను, జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వార్డును నిర్దేశించింది. 2013 నాటి జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 50 వేల జనాభాకో పట్టణ ఆరోగ్య కేంద్రం ఉండాలంది. 2018 ఏప్రిల్‌లో నగరంలో బస్తీ దవాఖానాలు తెరిచారు. అదే ఏడాది నారాయణగూడలో మొదలైన రోగనిర్ధారణ పరీక్షల సేవ తెలంగాణ డయాగ్నస్టిక్స్ నిజంగా మెచ్చుకోదగ్గది. రక్తనమూనాలు బస్తీ నుంచే వెళ్తాయి, రిపోర్టు ఫోనుకు వస్తుంది. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేని ముసలివాళ్లకు ఒక ప్రయాణం తప్పినట్టే. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాలు శుక్లాలున్నవారిని గుర్తించి ఆపరేషన్‌కు రాసి పంపాయి.

పైకి పంపడం ఇలా కుదురుకుంది గానీ, తిరుగుదారి బలహీనంగానే మిగిలింది. డిశ్చార్జి కాగితం రోగి చేతికే ఇస్తారు. బీపీ మాత్ర మారిందనీ, షుగరు మందు మోతాదు తగ్గిందనీ బస్తీ డాక్టరుకు తెలియాలంటే ఆ కాగితం ఇంట్లో పోకుండా ఉండాలి. నాలుగైదు జబ్బులతో ముగ్గురు స్పెషలిస్టుల దగ్గర తిరిగే పెద్దవాళ్లకు ఈ లోటు ఎక్కువగా తగులుతుంది.

ఇక ఖర్చు విషయానికొస్తే, ఆరోగ్యశ్రీ చికిత్స పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగింది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా కేంద్ర ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబరు 29న వర్తింపజేశారు. ఈ దారి చేరే ఉస్మానియా కూడా మారుతోంది: వాననీరు వార్డుల్లోకి చేరడంతో 2020 జులైలో దాని పాత భవనాన్ని ఖాళీ చేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది.