లక్ష రూపాయల రాట్నం

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరుకు కావలసిన నూలును ఒంటి కదురు రాట్నం మీదే వడుకుతారు. రాట్నానికి 24 ఆకులు. వడికేది ఎక్కువగా పట్టుశాలి స్త్రీలు. పత్తిని ముందుగా వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్లకు నలుసులు చిక్కి, పోగులు ఒక వరసకు వస్తాయి. తరవాత చెక్క మీద ఇనుప చువ్వ దొర్లించి గింజ తీస్తారు. వింటితో దూదిని మెత్తబరిచి ఏకులు చుడతారు. ఏకు నలగకుండా ఎండిన అరటి దొప్పలో పట్టుకుని దారం లాగుతారు. ఇలా వచ్చే నూలు 100వ నంబరు దాకా ఉంటుంది. అంటే 840 గజాల చిలపలు వంద కలిపినా ఒక పౌను బరువే.

ఇంటి పనికి యంత్రం ఎలా ఉండాలో ముందే కాగితం మీద రాసిపెట్టిన సందర్భం రాట్నం చరిత్రలోనే ఉంది. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. అది తేలిగ్గా ఉండాలి, మామూలు పల్లె ఇంట్లో చేత్తోనో కాలితోనో నడవాలి. ఒక స్త్రీ పెద్దగా అలసిపోకుండా ఎనిమిది గంటలు పనిచేయగలగాలి. ఆ ఎనిమిది గంటల్లో 12 నుంచి 20 నంబరు నూలు 16,000 అడుగులు రావాలి. ధర 150 రూపాయలు దాటకూడదు, 20 ఏళ్లు మన్నాలి, ఏటా మార్చే భాగాల ఖర్చు ధరలో 5 శాతం మించకూడదు. గడువు 1930 అక్టోబరు.

ఆ లక్ష ఎవరికీ దక్కలేదు. నిబంధనల్లో ఏ ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు. చిక్కంతా అన్నీ ఒకే యంత్రంలో కుదరాలనడంలోనే ఉంది. కదుళ్లు పెంచితే తొక్కేవారికి బరువు, గట్టి లోహం వాడితే ధర. ఇంకో సంగతి: బహుమతి గెలిచే రాట్నం వచ్చి ఉన్నా, 20వ నంబరు నూలుతో పొందూరు పంచె తయారయ్యేది కాదు.

స్వాతంత్ర్యం తరవాత తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ రూపొందించిన అంబర్ చరఖా వచ్చింది. దాన్ని రెండో పంచవర్ష ప్రణాళిక పెద్ద ఎత్తున ప్రోత్సహించింది. మొదట్లో ఆ సెట్టులో మూడు పరికరాలుండేవి: దూది ఏకేది, వడకడానికి దూది పట్టీ (పూణి) తీసేది, నాలుగు కదుళ్ల రాట్నం. కాలక్రమాన ఇంట్లో వడకడమొక్కటే మిగిలింది. పూణి తయారీ చిత్రదుర్గ వంటి చోట్ల ఖాదీ కమిషన్ నడిపే కేంద్రాలకు వెళ్లింది. అంబర్ బతికి బట్టకట్టింది ఇలా పని తగ్గించుకున్నాకే.

ఇంటి రోబోల కథా దాదాపు ఇదే దారిలో నడిచింది. 1961లో జనరల్ మోటార్స్ కర్మాగారంలో యూనిమేట్ అనే రోబో చెయ్యి పనికి కుదిరింది. ఇంటికి వచ్చేసరికి నలభై ఏళ్లు పట్టింది: 2001లో ఎలక్ట్రోలక్స్ ట్రైలోబైట్, 2002లో ఐరోబోట్ రూంబా. సినిమాల్లో రోబో వంటా చేస్తుంది, బట్టలూ మడతపెడుతుంది. అమ్ముడైన రూంబా మాత్రం నేల ఊడ్చింది. అదీ చదునైన నేలే. విజయనగరం వైపు పాత పెంకుటింట్లో ఎత్తు గడప దగ్గరే అది ఆగిపోతుంది. చాప అంచు, కింద పడ్డ చీర కొంగు దాని బ్రష్షుకు చుట్టుకుంటాయి. వాకిట్లోకి వదిలితే పొద్దున వేసిన ముగ్గు కూడా దానికి దుమ్మే.

కొనేవారి చేతికిచ్చే కరపత్రంలో పీల్చే శక్తి, బ్యాటరీ నిమిషాలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఫిల్టరు, బ్రష్షు, బ్యాటరీ ఎన్నాళ్లకు మార్చాలో, దగ్గరి మరమ్మతు దుకాణం శ్రీకాకుళంలోనా విశాఖలోనా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఇంట్లోకి వచ్చే యంత్రాన్ని చూడ్డానికి 1929 నాటి కొలత ఇప్పటికీ సరిపోతుంది: రోజుకెంత పని, ఎన్నేళ్ల మన్నిక, ఏటా ధరలో ఎంత శాతం ఖర్చు.